నీలాచలం కుట్టు పుస్తకం

పైడమ్మ వెళ్లిపోయినప్పుడు నీలాచలానికి బాధ కలగలేదు, చిరాకు కలిగింది.

"ఆవిడకు యోగ్యత లేదు స్వామీ, అంతే," అన్నాడు పెద్దస్వామి దగ్గరకు వచ్చి. "పుస్తకం చేతికిచ్చాం. మంచి మిషను ఇచ్చాం. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గదిలో కూర్చుని ఒక్క వరస కుట్టలేకపోయింది. అంత పుస్తకం ముందు పెట్టుకుని!"

పెద్దస్వామి పెరట్లో చిక్కుడుపందిరికి తాడు కడుతున్నారు. ఎనభై దాటిన మనిషి. ముడి బిగించి, నిలుస్తుందో లేదో ఒకసారి లాగి చూసి, అప్పుడు అడిగారు.

"వెళ్తూ ఏమంది?"

"తన బుర్రకు ఇది ఎక్కదంది."

"ఏడ్చిందా?"

నీలాచలం తల గోక్కున్నాడు. ఆ సంగతి అతను చూసుకోలేదు.

ఒక మఠానికి ఏనుగు ఉంటుంది, ఇంకో మఠానికి వెండి పల్లకి ఉంటుంది. మహేంద్రగిరి కొండల కింద ఉన్న ఈ మఠానికి ఒక టేకు బీరువా ఉంది. అందులో వేదాంతం ఒక్క ముక్క లేదు. మోటారు బాగుచేయడం, తేనెటీగలు పెంచడం, టైపు కొట్టడం, రొట్టెలు కాల్చడం, ఉద్యోగానికి పిలిస్తే వెళ్లి ఎలా కూర్చోవాలో ఎలా మాట్లాడాలో చెప్పడం, అన్నీ ఏమీ తెలియని వాళ్ల కోసం రాసిన మొదటి పుస్తకాలే. బతుకుతెరువు పోయి వచ్చిన వాళ్లకే కాదు, మోక్షం కావాలని వచ్చిన వాళ్లకు కూడా పెద్దస్వామి ముందు ఆ బీరువా తెరిచేవారు. చేతికి ఒక పని రానీ, ఆ తరవాత దేవుడి సంగతి మాట్లాడుకుందాం అనేవారు. ఆ బీరువా పుణ్యమాని ఆ చుట్టుపక్కల ఎన్ని ఇళ్లలో పొయ్యి వెలిగిందో చెప్పడం మొదలుపెడితే మఠం వాళ్లు ఓ పట్టాన ఆపరు. ఆపమని ఎవరూ అడగరు కూడా.

బీరువాకు ఒక నియమం ఉంది. ఏ పుస్తకమూ ఊరికే అందులోకి వెళ్లదు. ఆ పని బొత్తిగా రాని మనిషి ఎవరో ఒకరు, పక్కన చెప్పేవాడు లేకుండా, ఆ ఒక్క పుస్తకం పట్టుకుని పని నేర్చుకోవాలి. అలా నేర్చుకున్నాకే పుస్తకానికి బీరువాలో చోటు. ఎంతో పేరున్న పుస్తకాలు కూడా ఈ పరీక్షలో తప్పి, వంటింట్లో కుంపటి కింద ఎత్తుకు పనికొచ్చాయి.

నీలాచలం మఠానికి రాకముందు సోంపేటలో దర్జీ. అతను కుట్టిన జుబ్బా తొడిగితే ఎలాంటి పెళ్లికొడుకైనా అందగాడయ్యేవాడని చెప్పుకునేవారు. మఠంలో చేరి కాషాయం కట్టినా కత్తెర పట్టుకున్నప్పుడు ఆ ఠీవి పోలేదు. పెద్దస్వామి అంగవస్త్రం అంచు కూడా అతనే కుట్టాలి, ఇంకొకరు ముట్టుకుంటే ఒప్పుకోడు. అలాంటి మనిషి రెండు వానాకాలాలు కూర్చుని కుట్టుపని మీద పుస్తకం రాశాడు. విశ్వకర్మ మీద శ్లోకంతో మొదలుపెట్టాడు. సూది ఎలా పుట్టిందో రాశాడు. మిషనులోని ప్రతి భాగాన్నీ పేరు పెట్టి వర్ణించాడు. బీరువాలో అంతకు ముందు ఎన్ని పుస్తకాలున్నా, మఠంలోని మనిషి రాసింది ఒక్కటీ లేదు. తనదే మొదటిది కాబోతోందని నీలాచలం కాళ్లు నేల మీద నిలవడం లేదు.

మొదట చదవడానికి దొరికిన మనిషి పైడమ్మ. జీడిపిక్కలు కొట్టే పనిలో ఉండేది. ఆ జిడ్డుకు వేళ్లు నల్లగా మారిపోయాయి. పిక్కలు కొట్టే మిషన్లు వచ్చాక ఆమె పని పోయింది. మిషను అన్న మాట వింటేనే ఆమెకు ఒళ్లు మండేది. అయినా వచ్చింది. కుట్టు వస్తే ఇంటి పట్టునే ఉండి బతకొచ్చు. రాకపోతే బిడ్డను అత్త దగ్గర వదిలి, ఎక్కడో దూరాన ఇటుకబట్టీలకు పోవాలి. ఐదో తరగతి దాకా చదివిన చదువు ఇన్నాళ్లకు పనికొస్తుందని ఆశపడి వచ్చింది.

ఆ ఆశే చివరికి చిక్కుపడిన దారపు ఉండలా గదిలో నేల మీద మిగిలింది. నీలాచలం దాన్ని ఊడ్చి పారేశాడు కూడా.

పెద్దస్వామి చేతులు కడుక్కున్నారు.

"రేపు పొద్దున ఆ మిషను మండపంలోకి తెప్పించు. పుస్తకం కూడా తీసుకురా," అన్నారు.

నీలాచలం సంబరపడ్డాడు. అందరి ముందూ తన చేత కుట్టించి, పుస్తకం మంచిదేనని పెద్దస్వామి తేల్చేస్తారనుకున్నాడు. మిషనును నూనెతో తుడిచి తళతళలాడించాడు.

తెల్లారి మండపంలో మఠం మఠమంతా చేరింది. నీలాచలం ఉతికిన బట్టలు కట్టుకుని, విభూతి దట్టంగా పెట్టుకుని వచ్చాడు. వచ్చి చూసేసరికి మిషను ముందు స్టూలు మీద పెద్దస్వామి కూర్చుని ఉన్నారు. కళ్లజోడు పెట్టుకుని పుస్తకం తెరిచారు.

"తమరా స్వామీ?"

"నాకూ కుట్టు రాదు కదా నాయనా," అన్నారు పెద్దస్వామి.

చదవడం మొదలుపెట్టారు. శ్లోకం చదివి దణ్ణం పెట్టుకున్నారు. సూది పుట్టుక చదివి తలాడించారు. మిషను భాగాల పేర్లన్నీ పైకి చదివారు. వంటాయన గోవిందు ఆవలింత ఆపుకోలేక పైపంచ అడ్డం పెట్టుకున్నాడు. ఎండ మండపం మొదటి మెట్టు మీదకు వచ్చేసింది. అప్పటికి కుట్టడం గురించిన వాక్యం వచ్చింది.

"దారమును ఎక్కించి, వస్త్రమునుంచి, యంత్రమును తొక్కవలెను," అని చదివి, పెద్దస్వామి అలాగే చేశారు. దారం ఎక్కించడానికి చాలాసేపు పట్టింది. ఎక్కించారు. గుడ్డ పెట్టారు. తొక్కారు.

చక్రం వెనక్కి తిరిగింది. టప్పుమని దారం తెగింది.

పెద్దస్వామి మళ్లీ పుస్తకంలోకి చూశారు. ఆ తరవాతి వాక్యం జుబ్బాకు కొలతలు తీసుకోవడం గురించి ఉంది. వేలితో పైకీ కిందకీ వెతికారు. దారం తెగితే ఏం చేయాలో ఎక్కడా లేదు. మళ్లీ ఎక్కించి తొక్కారు. ఈసారి గుడ్డ కింద దారం ముద్దగా చుట్టుకుని, గుడ్డ కదలనని మొరాయించింది. గుడ్డను అదిమిపట్టే ఇనుప ముక్కను కిందకు దించాలని పుస్తకంలో లేదు మరి. మూడోసారి చక్రం వెనక్కే తిరిగింది, దారం మళ్లీ తెగింది.

నీలాచలం అరచేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. ఒక అడుగు ముందుకేశాడు, వెనక్కి తగ్గాడు. నియమం అడ్డం ఉంది కాబట్టి నోరు విప్పకూడదు. పంటి బిగువున ఓర్చుకుంటున్నాడు.

పెద్దస్వామి కళ్లజోడు తీశారు.

"నాకూ యోగ్యత లేదు నాయనా," అన్నారు.

ఆ మాటలో వెటకారం లేదు. ఉన్నా బాగుండేది. నీలాచలానికి తల కొట్టేసినట్టయింది.

"స్వామీ! ముందు కుడిచేత్తో చక్రాన్ని మన వైపుకి తిప్పాలి, ఆ తరవాతే కాళ్లు కదపాలి. అది ఎవరికైనా తెలిసిందే కదా! అది కూడా రాయాలా?"

"ఎవరికి తెలుసు?"

నీలాచలం చుట్టూ చూశాడు. గోవిందు నేల చూపులు చూశాడు. తోట పని చూసే ఆయన పక్క వాళ్ల వెనక్కి జరిగాడు. మండపంలో ఒక్క తలా పైకి లేవలేదు.

"నీకెప్పుడు తెలిసింది?"

నీలాచలం ఆలోచించాడు. ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు. మాటలు పూర్తిగా రాకముందే తండ్రి ఒళ్లో కూర్చుని ఆ చక్రం మీద చేయి వేసిన వాడు. తెలియని రోజు ఒకటి ఉండేదన్న సంగతే అతని మనసులో లేదు.

"గుర్తులేదు స్వామీ," అన్నాడు, చాలా చిన్న గొంతుతో.

పెద్దస్వామి లేచి బీరువా దగ్గరకు నడిచారు. అట్ట ఊడిపోయిన పలచని పుస్తకం ఒకటి తీసి అతని చేతిలో పెట్టారు. అది సైకిలు తొక్కడం నేర్చుకునే పుస్తకం.

"ఇది చదివి, పైడమ్మ ఊరికి వెళ్లిరా."

"నాకు సైకిలు రాదు స్వామీ."

"అందుకే," అని పెద్దస్వామి చిక్కుడుపందిరి దగ్గరకు వెళ్లిపోయారు.

నలభై దాటిన మనిషి, కాషాయం కట్టిన మనిషి, మఠం సైకిలు తీసుకుని కొండ కింది మైదానంలోకి దిగడం ఆ ఊళ్లకు పెద్ద వేడుకైపోయింది. మేకలు కాసే వాళ్లు మేకలను వదిలేసి వచ్చి కూర్చున్నారు. నీలాచలం వాళ్ల వైపు చూడకుండా, పుస్తకాన్ని ఒక లెక్కలోకి తీసుకోకుండా, నేరుగా సీటెక్కి రెండు కాళ్లూ పెడళ్ల మీద పెట్టాడు. పెట్టినంత సేపు పట్టలేదు కింద పడడానికి.

లేచి, దుమ్ము దులుపుకుని, ఎవరూ చూడనట్టు పుస్తకం తెరిచాడు.

"ఇది చదివేసరికి మీరు ఒకసారి పడే ఉంటారు," అని రాసి ఉంది మొదటి పేజీలో. "మొదటి పేజీ చదవకుండానే ఎక్కేస్తారని తెలుసు. అందరూ అదే చేస్తారు. ఇప్పుడు సీటును బాగా కిందకు దించండి. పెడళ్ల జోలికి పోకండి. రెండు కాళ్లూ నేలకు ఆనించి కూర్చుని, సైకిలును నడిపించుకుంటూ ఊరికే నడవండి."

నీలాచలం ఆ వాక్యాలను రెండుసార్లు చదివాడు. ఎవరో భుజం మీద చేయి వేసినట్టనిపించింది. సీటు దించి, కూర్చుని, నడిచాడు. మేకల వాళ్లు పడీపడీ నవ్వారు. అతను పేజీ తిప్పాడు. "చుట్టూ ఎవరైనా నవ్వుతుంటే నవ్వనివ్వండి. వాళ్లను చూస్తే పడతారు. చక్రాన్ని చూసినా పడతారు. మీరు వెళ్లాలనుకున్న చోటును చూడండి."

పడిన చోటల్లా పుస్తకం అతని కంటే ముందే వచ్చి నిలబడి ఉంది. మోకాలు గీరుకుపోతుందని దానికి తెలుసు. చెయ్యి వణుకుతుందని తెలుసు. "ఇక్కడ మీకు కోపం వస్తుంది. సైకిలును చెట్టుకు ఆనించి, మంచినీళ్లు తాగి రండి," అన్న చోట నీలాచలం నిజంగానే కోపంగా ఉన్నాడు. నీళ్లు తాగి వచ్చాడు. కొన్నాళ్లకు సైకిలు కదిలింది. అతను పైన ఉండగా, నేలకు కాళ్లు తగలకుండా, తాటిచెట్ల వరస దాకా వెళ్లింది. నీలాచలం గొంతు చించుకుని అరిచాడు. మేకల వాళ్లు కూడా అరిచారు.

ఆ పుస్తకం రాసిందెవరో ఎక్కడా లేదు. అంత గొప్పగా నేర్పిన మనిషి తన గురించి ఒక్క ముక్క చెప్పుకోకపోవడం నీలాచలానికి మొదట వింతగా అనిపించింది. తరవాత సిగ్గేసింది.

మర్నాడు వంటింట్లోకి వెళ్లి గోవిందును బతిమాలి మిషను ముందు కూర్చోబెట్టాడు. నోరు మెదపకుండా పక్కన నిలబడి, అతను ఎక్కడ ఆగుతున్నాడో, ఎక్కడ బిత్తరపోతున్నాడో చూశాడు. తోట ఆయనను కూర్చోబెట్టాడు. పాలు పోయడానికి వచ్చిన ఆవిడను కూర్చోబెట్టాడు. ఎవరు తొక్కినా చక్రం వెనక్కే తిరిగింది. దారం తెగగానే అందరూ ఒకేలా చేతులు వెనక్కి లాక్కుని, ఏదో పగలగొట్టినట్టు అతని మొహంలోకి చూశారు. ఆ చూపు చూసినప్పుడల్లా అతనికి ఆ రోజు సాయంత్రం గది గుమ్మంలో నిలబడిన పైడమ్మ కనిపించింది. ఏడ్చిందని ఇప్పుడు అతనికి తెలుస్తోంది.

పుస్తకం మళ్లీ రాశాడు. శ్లోకాన్ని మనసులో చెప్పుకుని, కాగితం మీద మొదటి వాక్యం ఇలా రాశాడు: "దారం ఎక్కించకండి. ముందు ఊరికే తొక్కి చూద్దాం."

ఒక పొద్దున సైకిలు మీద పైడమ్మ ఊరికి బయలుదేరాడు. ఆమె గుమ్మం ముందు బ్రేకు సమయానికి గుర్తుకు రాక, పొన్నగంటి కూర ఎండబెట్టిన చాప మీదుగా వెళ్లి గోడకు ఆగాడు. పైడమ్మ పరుగెత్తుకొచ్చింది. స్వామివారని గుర్తుపట్టి చేతులు జోడించబోయి, ఆగలేక నవ్వేసింది.

"దెబ్బ తగిలిందేటి సామీ? సైకిలు రాదా తమకి?"

"ఇప్పుడే నేర్చుకుంటున్నానమ్మా. పుస్తకం చూసి."

"ఈ వయసులోనా?"

"ఈ వయసులోనే." కూరాకులు ఏరి చాప మీద వేస్తూ అన్నాడు. "అమ్మా, ఆ రోజు తప్పు నీది కాదు. నా పుస్తకానిది. దాన్ని బాగుచేశాను. ఇంకొక్కసారి వచ్చి చూడు."

పైడమ్మ నవ్వు పోయింది. ఇంటి లోపల కట్టి పెట్టిన మూట వైపు చూసింది. ఇటుకబట్టీకి మనుషులను తీసుకెళ్లే లారీ ఆ వారంలోనే వస్తుంది.

"నాను మొద్దుదాన్ని సామీ," అంది.

"నేనూ అంతే. గోడను అడుగు," అన్నాడు నీలాచలం.

ఆమె వచ్చింది. నియమం ప్రకారం గదిలోకి ఆమె ఒక్కతే వెళ్లింది, లోపల మిషను, పుస్తకం. తలుపు మూశారు. బయట అరుగు మీద నీలాచలం కూర్చున్నాడు. పెద్దస్వామి వచ్చి పక్కనే కూర్చుని, కూరకు చిక్కుడుకాయలు ఈనెలు తీయసాగారు.

లోపల చాలాసేపు చప్పుడు లేదు. ఆ తరవాత తొక్కుడు వినిపించింది. దారం లేని మిషను చప్పుడు అది, నీలాచలం చెవికి తెలుస్తుంది. ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి, మళ్లీ ముందుకు. ఆగింది. పేజీ తిరిగిన చప్పుడు. ఇప్పుడు దారం ఎక్కిస్తూ ఉంటుంది అనుకున్నాడు. తొక్కుడు మొదలైంది. వెంటనే టప్పుమంది.

నీలాచలం లేచి నిలబడ్డాడు.

"కూర్చో," అన్నారు పెద్దస్వామి.

"తెగింది స్వామీ. పాపం, ఒక్క మాట చెబితే..."

"నువ్వు చెప్పలేదా?"

చెప్పాడు. పుస్తకంలో సరిగ్గా అక్కడే చెప్పాడు. దారం తెగితే మిషను పాడవలేదు, మీరూ పాడుచేయలేదు, ఒక్కసారి ఊపిరి పీల్చుకుని చక్రాన్ని చేత్తో మీ వైపుకి తిప్పండి అని రాశాడు. నీలాచలం కూర్చున్నాడు. తలుపు తెరుచుకుంటుందేమో, ఆమె తల వంచుకుని బయటికి వస్తుందేమో అని దాన్నే చూస్తూ ఉన్నాడు. ఈసారి ఆ భయం పుస్తకం కోసం కాదని అతనికే తెలియలేదు.

తలుపు తెరుచుకోలేదు. పేజీ తిరిగింది. చక్రం మెల్లగా కదిలింది. టక్ టక్ మని రెండు కుట్లు పడ్డాయి. ఆగింది. మళ్లీ నాలుగు పడ్డాయి. తరవాత ఆగలేదు. తడబడుతూ, ఉరుకుతూ, మళ్లీ నెమ్మదిస్తూ, మిషను సాగుతూనే ఉంది. నీలాచలం కళ్ల నీళ్లు తుడుచుకున్నాడు. సోంపేటలో ఎంతమంది పెళ్లికొడుకులకు జుబ్బాలు కుట్టినా అతనికి ఇంత గర్వం ఎప్పుడూ కలగలేదు.

పైడమ్మ ఆ తరవాత రోజూ వచ్చింది. లారీ వచ్చి ఆమె లేకుండానే వెళ్లిపోయింది. పుస్తకం పూర్తయిన రోజు, బిడ్డకు కుట్టిన గౌను పట్టుకుని గదిలోంచి బయటికి వచ్చింది. ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి. అంచు పాకుతూ పాకుతూ వెళ్లింది. కానీ ఎక్కడ లాగినా ఊడలేదు. దాన్ని పెద్దస్వామి ముందు రెండు చేతులా ఎత్తిపట్టింది. వచ్చిన నాటి పైడమ్మ కాదు. మెడ నిటారుగా ఉంది.

"సూడండి సామీ! నానే కుట్టాను. నానే నేర్సుకున్నాను. నాకు ఎవులూ సెప్పనేదు!"

మండపంలో అందరూ నీలాచలం వైపు చూశారు. అతను ఏదో అనబోయి నోరు తెరిచాడు. పెద్దస్వామి అతని వైపు చూడలేదు. గౌను అంచును వేళ్లతో తడుముతున్నారు.

నీలాచలం నోరు మూసుకున్నాడు. కాసేపటికి ముందుకు వచ్చి, పైడమ్మ ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"ఎలా కుట్టావమ్మా?" అని అడిగాడు. "నాకు చెప్పవూ?"

"తమకి తెలీదేటి?"

"నువ్వు చెబితే వింటాను."

పైడమ్మ ఒక్క క్షణం మొహమాటపడింది. ఆ తరవాత స్టూలు లాక్కుని, నల్లబడిన ఆ వేళ్లను గాలిలో చక్రం మీద వేసినట్టు వేసి, మొదలుపెట్టింది.

"ముందు దారం ఎక్కించకూడదు సామీ. ఊరికే తొక్కాలి. అందరూ దారంతోనే మొదలెట్టేత్తారు, అదే తప్పు. సక్రం మీద సెయ్యేసి మన యేపుకి తిప్పాలి. ఎనక్కి పోయిందనుకోండి, దారం తెగుద్ది. తెగితే భయపడిపోకూడదు. మిషను పాడైపోదు, మనమూ పాడు సెయ్యనేదు..."

ఒక్కో మాటా అతను రాసిందే. ఇప్పుడవి ఆమెవి. వాటిని ఆమె తన వంటింట్లోంచి తెచ్చి పెట్టినట్టు పెడుతోంది. నీలాచలం తల ఊపుతూ విన్నాడు. పెద్దస్వామి లేచి వెళ్లి, గదిలోంచి ఆ పుస్తకం తెచ్చి, బీరువాలో సైకిలు పుస్తకం పక్కన పెట్టి వచ్చారు. ఆ సంగతి నీలాచలం చూడలేదు.

చెప్పడం అయ్యాక పైడమ్మ అతని మొహంలోకి అనుమానంగా చూసింది.

"అర్థమైందా సామీ?"

"ఇంకోసారి చెప్పమ్మా," అన్నాడు నీలాచలం.